ఇరవై నిమిషాలు ముందున్న గడియారం

మా ఊరి టవర్ క్లాక్ ఎప్పుడూ ఇరవై నిమిషాలు ముందుండేది. అది పది గంటలు కొట్టిందంటే అసలు టైము తొమ్మిదీ నలభై అని ఊరందరికీ తెలుసు. జేబులో ఫోనున్నా సరే, గంట విని ఇరవై తీసెయ్యడమే మాకు అలవాటు.

మొన్న గంట పది కొట్టింది. పదింటి గుంతకల్లు బస్సుకు ఇంకా టైముందని నింపాదిగా టీ తాగి బస్టాండుకు పోయాను. బస్సు లేదు.

"గుంతకల్లు బస్సు యాడప్పా?" అని అక్కడి సోడా బండాయన్ని అడిగాను.

"పదికే పాయె కదన్నా. నిన్న సాయంత్రం గడియారం రిపేరు చేసినారు, నీకు తెలీదా?"

ఒళ్లు మండింది. ఇన్నేళ్లు పట్టించుకోనివాళ్లు ఇప్పుడెందుకు ముట్టుకోవాలి? ముట్టుకున్నవాళ్లు ఊళ్లో దండోరా అయినా వేయించొద్దా? అప్పటి నుంచి గంట మోగితే చాలు, ఇరవై తీసెయ్యాలో వద్దో తేలక రోడ్డు మీదే నిలబడిపోతున్నాను.

ఈ పొద్దున మళ్లీ మోగింది. "ఎంతైందిరా?" అని నాయన అడిగాడు. రిపేరు సంగతి చెప్పి, ఫోను చూసి, "సరిగ్గా పది, నాయనా" అన్నాను.

"అంటే తొమ్మిదీ నలభై. ఇంకా టైముండాది" అని ఆయన పేపరు తిరగేశాడు.

నేను ఫోను వైపు మళ్లీ చూశాను. అందులోంచి కూడా ఇరవై తీసెయ్యాలేమోనని ఒక్క క్షణం నిజంగానే అనుమానం వచ్చింది.