వెనక్కి ఎక్కిన కరెంటు

పల్లెలకు అప్పుడప్పుడే కరెంటు వస్తున్న రోజులు. ముసురుపట్టిన ఒక సాయంత్రం కొత్తవలస స్టేషన్ వెయిటింగు హాల్లో, నా చేతిలో పేపరు చూసి పక్కనున్న ముసలాయన అడిగాడు.

"బాబూ, ట్రాన్స్‌ఫారంలోంచి కరెంటు కిందకి దిగడవేనా? ఎనక్కి ఎక్కడం కూడా ఉంతాదా?"

ఎందుకని అడిగాను. ఆయన కొడుకు లైన్‌మన్. ఊరిబయట ట్రాన్స్‌ఫార్మర్‌కి వచ్చే పెద్ద తీగ బాగుచేస్తూ స్తంభం మీదే చనిపోయాడు. స్విచ్ తియ్యకుండా ఎక్కాడని పైవాళ్లు తేల్చేశారు.

"మావోడు బువ్వ తినడం మరిసిపోతాడు గానీ అది మరిసిపోడు బాబూ. ఇప్పుడు కోడలు కూడా ఆడిదే తప్పంతన్నాది."

స్కూల్లో చదివింది చెప్పాను. లోపల రెండు తీగచుట్టలుంటాయి. ఎక్కువ చుట్లున్న వైపు నుంచి పంపితే వోల్టేజి తగ్గి ఊళ్లోకి వస్తుంది. ఊరివైపు నుంచి పంపితే అంతకంతా పెరిగి పై తీగల్లోకి పోతుంది.

"ఆ వేళ ఊళ్లో ఎవరైనా ఇంజను పెట్టి కరెంటు పుట్టించారా?" అన్నాను.

ఆయన నావైపు తిరిగి కూర్చున్నాడు.

"అయితే మావోడు స్విచ్చి తీసీసే ఎక్కినాడు."

"ఇంజను ఎవరు పెట్టారు?"

"టెంటు సినిమావోళ్లు. కరెంటు పోయి బొమ్మ ఆగిపోనాదని మేవే గోల సేసినాం. ఇంజను ఎట్టగానే టెంటులోనే కాదు, ఈది లైట్లు కూడా ఎలిగిపోనాయి."

"మీరూ అక్కడే ఉన్నారా?"

"ముందు వరసలోనే ఉన్నాను. అందరం సప్పట్లు కొట్టినాం బాబూ."

తర్వాత రెండు చేతులూ తుండుగుడ్డ కింద పెట్టేసుకున్నాడు.