క్లాష్ మాస్టరు

ఆ వీధిలో ఆయన్ని టైలరని ఎవరూ అనరు, క్లాష్ మాస్టరే. ఎర్ర గౌనుకి ఆకుపచ్చ లేసు తెస్తే మెడలో టేపు సర్దుకుని, "క్లాషైపోతుందమ్మా" అంటాడు. రెండు పెళ్ళిళ్ళ బట్టలు ఒకే రోజుకి అడిగినా క్లాషే. పళ్ళమధ్య గుండుసూది తీయకుండానే ఆ మాట అనగలడు. "గొడవ అనొచ్చుగా మాస్టారూ?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే ఒప్పుకోడు. "గొడవంటే ఎవడో ఒకడిది తప్పుండాలి. క్లాషంటే ఇద్దరిదీ ఒప్పే, చోటొక్కటే."

మొన్న అది ఆయన నెత్తినే పడింది. కొట్లో కిటికీ ఒక్కటే, దాని పక్కన ఆయన మిషను. మూల చీకట్లో సూదిలోకి దారం ఎక్కించలేక విసిగి, భార్య తన మిషనుకి కవరు కప్పేసింది. "మా అక్కావాళ్ళ వరండాలో బోలెడు వెలుతురు. రేపట్నుంచి అక్కడే కుట్టుకుంటా."

"ఇది గొడవ కాదే, క్లా..."

"ఆ ముక్క బేరాలకి చెప్పుకో!"

ఆయన నోట్లో సూది తీసి పక్కన పెట్టాడు. ఆవిడ మిషను చప్పుడు వినబడకపోతే ఆయనకి చెయ్యి సాగదు. కలవని రంగుల మధ్య తెల్ల పైపింగు వేసి నెగ్గుకొచ్చే మనిషి, కాసేపు కిటికీనే చూశాడు. తర్వాత ఆయాసపడుతూ రెండు మిషన్లనీ ఎదురెదురుగా జరిపాడు, వెలుతురు సరిగ్గా మధ్యలో పడేలా. ఆవిడ మూతి తిప్పుకుంటూనే వచ్చి కూర్చుంది. తొక్కుడు మొదలెట్టగానే కింద మోకాళ్ళు కొట్టుకున్నాయి.

"ఇదిగో, ఇదీ క్లాషంటే" అంది, మోకాలు వెనక్కి తీసుకోకుండా.