కంబళి వాసన

పంతొమ్మిది వందల యాభైల్లో ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఒక ఉదయం ఆయన మోటారు సైకిలు మీద ఎమ్మిగనూరు వైపు పోతున్నాను. దారి పక్క నల్లరేగడి చేలో ఎరువు కోసం గొర్రెల మంద ఆపి ఉంచారు. అక్కణ్ణుంచి రెండు కుక్కలు నా మీదికి దూకాయి. బండితో సహా పడ్డాను. ఒకటి నా పిక్క పట్టుకుంది. నొప్పి తెలియలేదు. ఎవరి కాలో అన్నట్టు చూస్తూ ఉండిపోయాను.

మంద కాస్తున్న ఆమె పరుగున వచ్చి, తన భుజం మీది పాత కంబళి నామీద కప్పింది.

"కదలొద్దప్పా! వాసన సూడనీ."

కుక్కలు వాసన చూశాయి. పిక్క వదిలేసి నా చేతులు నాకసాగాయి.

"ఎవరిదమ్మా ఈ కంబళి?"

"మా ఇంటాయనది. మొన్న ఎండల్లో పాము కరిసి పోయినాడు. ఇది లేకుంటే ఇవి మంద కాడ నిలబడవు. ఆయప్ప లేడని వీటికెట్ల సెప్పేది?"

కంబళి తిరిగిచ్చి, బండి లేపుకొని బయలుదేరాను. ఆ వాసన నాకూ అంటుకుందేమో, రెండూ తోకలూపుకుంటూ వెంటబడ్డాయి.

పిక్క మీద మచ్చ ఇప్పటికీ ఉంది. దాన్ని చూస్తే కుక్క కరవడం గుర్తురాదు. గుర్తొచ్చేది ఒకటే: వెనక ఆమె పిలుస్తూనే ఉంది, అవి నా వెంటే వస్తున్నాయి.