తమ్ముడు లేవన్న నీళ్లు

కిందటి నెల ఒక మంగళవారం పొద్దున మా తమ్ముడు చనిపోయాడు. పక్కింటామె ఫోను పట్టుకుని వచ్చి, నేను హారతి ముగించేదాకా గడప అవతలే నిలబడింది. పళ్లెం కింద పెట్టి తిరిగి చూశాక చెప్పింది. కాఫీ తాగి, అరుగు మీద కూర్చుని, చెప్పుల్లో కాళ్లు పెట్టబోతూ ఒక పక్కకు ఒరిగిపోయాడట. ఆస్పత్రిదాకా పోయే అవసరం కూడా రాలేదు. వాడికింకా యాభై నిండలేదు. ఐదుగురు పిల్లల్లో నేను పెద్దదాన్ని, వాడు ఆఖరివాడు. నా చంకన పెరిగినవాడి గురించి నేనిలా రాయవలసి రావడం దేవుడి నిర్ణయం. దానికి నేను ఎదురు చెప్పను. నేను చెప్పవలసింది మనుషులు చేసినదాని గురించి.

నేను రాయదుర్గంలో ఉంటాను. మా పుట్టినూరు అక్కడికి బస్సులో ముప్పావుగంట. తమ్ముడు ఆ ఊళ్లోనే ఉండేవాడు. మా నాయన నీళ్లు చూసేవాడు. ఆయన తర్వాత ఆ పని తమ్ముడికి వచ్చింది. బోరు వేయించే ముందు రైతులు పిలిస్తే, వాడు ఒట్టి కడుపుతో వెళ్లి, చెప్పులు విడిచి, అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేను ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేవాడు. నీళ్లున్న చోట టెంకాయ లేచి నిలబడుతుందని మా నమ్మకం. మీరు నమ్మకపోయినా ఏమీ అనుకోను. ఐదు బోర్లు వేస్తే ఒకటి పడే ఈ నేలలో వాడు చూపిన చోట పడినవే ఎక్కువ. పడకపోతే మరునాడే ఆ ఇంటికి వెళ్లి, వాళ్ల ముందు కింద కూర్చుని, తప్పు నాదే అని చెప్పి వచ్చేవాడు. ఆ ఒక్క పనికి వాడంటే నాకు గౌరవం. నా కంటే పన్నెండేళ్లు చిన్నవాడయినా సరే.

తాంబూలం తప్ప వేరే ఏమీ ముట్టేవాడు కాదు. నాయన వాడికి రెండే మాటలు చెప్పి పోయాడు. ఒకటి, నీళ్ల మీద అబద్ధం ఆడరాదు, ఆడితే చెయ్యి పోతుంది. రెండోది, “యాడ నీళ్లు ఉండాయో చూసే ముందర ఎవురు తాగుతారో అడుగు.” ఈ మాటను తమ్ముడు ఎంత పట్టుకున్నాడంటే, మా ఇంటికి వచ్చినప్పుడు అభిషేకం నీళ్లు కాలువలోకి పోవడం చూసి ఊరుకోలేకపోయాడు. దేవుడు తాగేది కొంచమేగదా అక్కా, మిగిలినవి కరివేపాకు చెట్టుకు పొయ్యి అన్నాడు. అప్పటి నుంచి విగ్రహం కింద బేసిన్ పెడుతున్నాను. చెట్టు గుబురుగా పెరిగింది.

ఇక కంపెనీ. జీన్స్ ప్యాంట్లు కుట్టి, ఉతికి, పై దేశాలకు పంపే పెద్ద కంపెనీ. పేరు రాయను. రాస్తే చెయ్యి కడుక్కోవాలి, మా దగ్గర నీళ్లు తక్కువ.

వాళ్లు మా ఊరి పక్కన నేల కొన్నాక మిషన్లు పెట్టి వెదికించుకుని రెండు బోర్లు వేశారు. రెంటిలోనూ దుమ్మే వచ్చింది. అప్పుడు మేనేజరు కారులో తమ్ముడి ఇంటికి వచ్చాడు. తమ్ముడు అలవాటుగా అడిగాడు, ఎవరు తాగేదానికి అని. మేనేజరు నవ్వి, మీ ఊరే తాగుతుంది, ఇంటికో ఉద్యోగం కదా అన్నాడట. ఆ మాటకు తమ్ముడు లొంగాడు. నేనైనా లొంగేదాన్నే. ఊరంతా వేరుశనక్కాయ విత్తి ఆకాశం చూస్తున్న కాలం అది. తమ్ముడు చూపిన చోట నీళ్లు మనిషి ఎత్తున ఎగిసిపడ్డాయి. ప్రారంభానికి నాయకులు వచ్చారు. తమ్ముడికి శాలువా కప్పారు, మోటారు చూసుకునే పని ఇచ్చారు.

మంచి జరగలేదని అనను. పదేళ్లు ఇంటికొక ఆడమనిషి బస్సెక్కి పనికి పోయింది. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, అందులో ఒకతె. ఆడపిల్లల పెళ్లిళ్లు రెండు మూడేళ్లు ఆగాయి, అది మంచిదే. బస్టాండు దగ్గర టీ అంగళ్లు, టిఫిన్ బండ్లు, పూల బుట్టలు పెట్టుకుని ఇంకొంతమంది బతికారు. కానీ జీన్స్ ఉతకడానికి రాత్రింబవళ్లు నీళ్లు కావాలి. మా ఊరి చేన్లలో బోర్లు ఒకటొకటిగా ఎండిపోయాయి. ఎవరూ నోరెత్తలేదు. ఎత్తితే ఇంట్లో ఆడమనిషి పని పోతుంది. నేను ఊరికి పోయినప్పుడు తమ్ముడు మాత్రం మోటారు వేసి వచ్చి అన్నం ముందు కూర్చుని, “నేను చూపిన నీళ్లు ఊరి నీళ్లను లాగుతాండాయి అక్కా” అనేవాడు. అని, మళ్లీ మరునాడు వెళ్లి మోటారు వేసేవాడు. అదీ రాయాలి.

ఒక సోమవారం బస్సు రాలేదు. ఆడవాళ్లు నడిచి వెళ్లి చూస్తే గేటుకు తాళం, పక్కన ఇంగ్లీషులో ఒక కాగితం. డిగ్రీ చదివిన పిల్ల ఒకతె చదివి చెప్పింది. నష్టాలు వస్తున్నందువల్ల, నీటి కొరత ఉన్నందువల్ల ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. పదేళ్లు మా నీళ్లు తాగినవాళ్లు నీటి కొరత అని రాసి అంటించి పోయారు. చెప్పడానికి ఒక్క మనిషిని పంపలేదు. నీళ్లు పడకపోతే మా తమ్ముడు వెళ్లి కూర్చున్నట్టు, వీళ్లలో ఒక్కడు వచ్చి ఒక్క అరుగు మీద కూర్చోలేదు. ప్రారంభానికి వచ్చిన నాయకులూ రాలేదు. కుర్చీల మీద వేసుకోవడానికి ఆడవాళ్లు పాత చీరలతో దిండ్లు కుట్టుకుని తీసుకుపోయి ఉన్నారు. అవి లోపలే ఉండిపోయాయి. అడిగితే, లోపలున్న వస్తువులన్నీ కంపెనీవే అన్నాడు కాపలావాడు.

పట్నం నుంచి వచ్చిన ఒక అధికారి, కుట్టుపని వచ్చుగా, ఇంట్లో మిషన్ పెట్టుకోండి అని సలహా చెప్పిపోయాడు. మా మరదలు పదేళ్లూ కుట్టింది ప్యాంటు వెనక ఎడమ జేబు. అదొక్కటే. కళ్లు మూసుకుని కుడుతుంది. కుడి జేబు వేరే ఆమెది. ప్యాంటు మొత్తం కుట్టడం ఆ లైనులో ఏ ఒక్కరికీ రాదు. “ఎడమ జేబు మాత్రమే కావల్సినోళ్లు ఊర్లో ఎవురుండారు వదినా?” అని మరదలు నవ్వింది. నేను ఆ నవ్వు విని లేచి లోపలికి వెళ్లిపోయాను.

ఆ తర్వాత తమ్ముడికి ఒకటే పట్టు. గేటు లోపలి బోరులో ఇంకా నీళ్లున్నాయి. కంపెనీకి అవి అక్కర్లేదు, ఊరికి కావాలి. ఆ బోరు పంచాయతీకి ఇప్పించాలి. తాను చూపిన నీళ్లు తన ఊరి గొంతులో పడితే తన తప్పు కొంత తీరుతుందనుకున్నాడు. అర్జీలు పట్టుకుని ఆఫీసులన్నీ తిరిగాడు. ప్రతి చోటా, అది ప్రైవేటు ఆస్తి అన్నారు. భూమి అడుగున ఉన్న నీళ్లు ఎప్పుడు ప్రైవేటయ్యాయో నాకు తెలియదు. ఊరికి వారానికి రెండు ట్యాంకర్లు వచ్చేవి.

ఏడాది లోపలే మేనేజరు తమ్ముడికి ఫోను చేశాడు. రాష్ట్ర సరిహద్దు దాటి అవతల రాయితీలిస్తున్నారని అక్కడ కొత్త ఫ్యాక్టరీ కడుతున్నారు. అక్కడా మొదటి బోరు ఎండుబోరే పడిందట. నువ్వు వచ్చి నీళ్లు చూపిస్తే మీ ఊరి బోరు మీ పంచాయతీకి రాసిస్తాం అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది కోపం కాదు. రోత. అన్నంలో వెంట్రుక వచ్చినట్టు కాదు, అన్నమే వెంట్రుకలయినట్టు.

తమ్ముడు వెళ్లాడు. ఆ సాయంత్రం తిరుగు బస్సు దిగి, ఊరికి పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చాడు. కాళ్లు కడుక్కోలేదు. వంటింటి గోడకు ఆనుకుని కూర్చుని చెప్పాడు. కంపెనీ నేల దగ్గర ఆ ఊరి ఆడవాళ్లంతా చేరి ఉన్నారట, కుంకుమ పళ్లేలు పట్టుకుని, మన ఊళ్లో కంపెనీకి నీళ్లు చూసిన రోజు మన ఆడవాళ్లు నిలబడినట్టే. వీడు నడిచాడు.

“ఈశాన్యం మూలకు పోతానే లేసి నిలబడినాది అక్కా. అంత బిర్రున ఎప్పుడూ లేయలా. వేళ్లతో అదిమి పట్టుకున్న్యా.”

నేను చెంబుతో నీళ్లు తెచ్చి వాడి ముందు పెట్టాను.

“ఈ నేలలో యాడా నీళ్లు లేవు అని చెప్పినా. నాయన మాట తప్పినా. మనూరి బోరూ పోగొట్టినా. ఆ ఆడోళ్ల పనీ పోగొడితినో ఏమో. తప్పు చేసినానా అక్కా?”

 జవాబు తెలియనప్పుడు నేను దేవుడి పేరు చెబుతాను. అది నా అలవాటు. పో, దీపం పెట్టి దండం పెట్టుకో, అన్నాను. లేచి వెళ్లి పెట్టుకున్నాడు. పెద్దక్కను అడిగిన మనిషికి పెద్దక్క చెప్పవలసింది అది కాదని ఇప్పుడు అనిపిస్తుంది.

వారం తిరగకుండానే లారీ వచ్చింది. మోటారు, పైపులు పైకి లాగి ఎత్తుకుపోయారు. పోతూ పోతూ బోరు గుంతలోకి కంకర పోసి, పైన సిమెంటు పూసి పోయారు. దాంతో వాళ్లకు వచ్చే లాభమేమిటో ఎంత ఆలోచించినా నాకు అర్థం కాలేదు. లాభం లేకుండా కూడా చెడు చేయగలరని అప్పుడు తెలిసింది. అవతల ఊళ్లో పెద్ద రిగ్గులు దించి, వీడు అదిమి పట్టిన మూలనే బోరు వేసుకున్నారు. నీళ్లు పడ్డాయి.

తమ్ముడు జరిగింది ఊళ్లో చెప్పలేదు. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఊరు వాడి చేతి మహిమ పోయిందనుకుంది. టీ అంగడి దగ్గర, “ఏమప్పా, నీ టెంకాయకు కరెంటు పోయినాదంటనే?” అని ఎగతాళి చేసేవాళ్లు. వాడు గ్లాసు అడుగున చుక్క మిగలకుండా తాగి, నవ్వి, లేచి వచ్చేవాడు. మళ్లీ ఎవరి చేనులోనూ నడవలేదు. పిలిచినవాళ్లకు, నాకు చెల్లదప్పా అని చెప్పి పంపేవాడు. ఈ రెండేళ్లూ అలాగే గడిచాయి.

అమ్మవారి ముందు కూర్చున్నా నాకు ఆ రోత పోవడం లేదు. పోగొట్టమని అడగడం కూడా మానేశాను. అది ఉండవలసిందేనేమో.

దినాలయిన మరుసటి రోజు, ఊళ్లో మా తమ్ముడి ఇంటి ముందు ఒక ముసలామె, ఆమె కోడలు బస్సు దిగి వచ్చారు. కంపెనీ కొత్తగా పెట్టిన ఊరు వాళ్లది. తమ్ముడు పోయిన సంగతి వాళ్లకు తెలియదు. ఈ ఎండాకాలం వాళ్ల చేనులో బోరు ఎండిపోయింది. కొత్త బోరుకు నీళ్లు చూపించమని అడగడానికి వచ్చారు. మరదలు కూర్చోమని చాప వేసింది. కూర్చున్నాక సంగతి చెప్పింది.

ముసలామె ఆమెతో అంది: “ఆ పొద్దు నేను మజ్జిగిస్తే తాగలేదమ్మా ఆయప్ప. ఎండన పడి వచ్చినోడు, పొద్దున్నుంచి ఏమీ తిననోడు, నా మొగం చూడకుండా పోయినాడు. నీళ్లు పడినాంక మావోళ్లంతా నవ్వినారు. నాకు నవ్వు రాలా. నిజం చెప్పు తల్లీ, ఆయప్పకు తెలవకనే లేవన్న్యాడా?”

మరదలు నా వైపు చూసింది. ఆమెకూ తెలియదు. రెండేళ్లుగా నేను దాచిన మాట.

“తెలిసే లేవన్నాడమ్మా,” అన్నాను. “తప్పు చేయలేదు.”

తమ్ముడికి ఇవ్వని జవాబు వాళ్లకు ఇచ్చాను. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలామె తల ఊపింది. “కంపెనీ ఊరి నీళ్లు లాగేస్తాదని ఆ పొద్దే చెప్పింటే మాత్రం ఇంటుంటిమా? ఇనము. ఇంటికొక పని అన్న్యారు గదా,” అని లేచింది. కోడలికి కిందటి నెలనే ఆ కంపెనీ లైనులో పని దొరికిందని, పొద్దు వాలే లోపల ఊరు చేరాలని చెప్పింది.

బస్సు ఎక్కించడానికి వాళ్ల వెంట రోడ్డుదాకా వెళ్లాను. మా ఊరి బస్సు ఆగేది ఆ ఫ్యాక్టరీ ఎదురుగానే. గేటు కమ్ములు తుప్పు పట్టాయి. లోపల షెడ్ల మధ్య సర్కారుతుమ్మ మనిషెత్తు లేచి, కిటికీల్లోంచి కూడా బయటికి వస్తోంది. కోడలు పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. మెడలో కొత్త గుర్తింపు కార్డు, నీలం తాడుతో. కార్డును కుడి చేత్తో పట్టుకుని, బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆ పిల్ల గేటు వైపే చూస్తూ ఉండింది.