టైపు బాబాయి వదిలిన ఖాళీ

నా చిన్నప్పుడు మేము విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉండేవాళ్లం. పక్కింటి సాయిబు బాబాయి వీధి అరుగు మీద టైపు మిషను పెట్టుకుని, పోర్టు కళాసీలకీ మార్కెట్లో కొట్లవాళ్లకీ ఇంగ్లీషు అర్జీలు కొట్టి పెట్టేవాడు. ఆయనకి ఒక పట్టింపు ఉండేది. తప్పు ఎవరు చేశారో ఆ పేరు మాత్రం తను కొట్టేవాడు కాదు. అక్కడ ఖాళీ వదిలేసి, వచ్చినవాళ్ల చేతికే పెన్నిచ్చేవాడు. "సూడని పేరు నాను కొట్టను," అనేవాడు.

నాకు అప్పుడు పదకొండేళ్లు. క్లాసు లీడర్ని, పైగా ఇంగ్లీషులో ఫస్టు. కాస్త పొగరుగానే ఉండేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ హెడ్మాస్టరమ్మగారి గదిలోకి దూరి, కొత్తగా వచ్చిన గ్లోబు మీద విశాఖపట్నం ఎక్కడుందో వెతుకుతూ గట్టిగా తిప్పాను. అది బల్ల మీంచి పడి స్టాండు విరిగింది, సగం భూగోళం సొట్టపోయింది. వెనక్కి చూడకుండా క్లాసులోకి పరిగెత్తాను.

సాయంత్రం హెడ్మాస్టరమ్మగారు, లీడర్ని కాబట్టి నన్నే పిలిచి, జరిగినదేమిటో కనుక్కుని ఇంగ్లీషులో రాసి, టైపు చేయించి తెమ్మన్నారు. అప్పుడప్పుడే నేర్చుకున్న ప్యాసివ్ వాయిస్ వాక్యాలు భలే పనికొచ్చాయి. గ్లోబు విరగగొట్టబడినది, గది తెరిచి ఉంచబడినది, అన్న ధోరణిలో రాసుకుపోయాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మనిషి కూడా లేడు. ఇంగ్లీషు ఎంత మంచి భాషో అని తెగ మురిసిపోయాను.

బాబాయి చదివి నవ్వాడు. "ఇంగ్లీషు బాగుంది బేటీ. ఇలాటివి నా కాడికి రోజూ వత్తాయి. పోర్టులో పెట్టె పడేయబడిందని రాత్తారు, పడేసినోడు ఉండడు. పేరు లేని తప్పు దగ్గరున్నోడి నెత్తి మీదే పడతాది. ఆ గది తాళాలు ఎవులి కాడుంటాయి?"

మా బడి ఆయా దగ్గర. భర్త పోయిన మనిషి. రోజూ ఆనందపురం నుంచి తెల్లారకుండా బస్సెక్కి వచ్చేది. మేం వానలో తడిసొస్తే తన కొంగుతోనే మా తలలు తుడిచేది. ఆ మధ్యాహ్నమే ఆమె దగ్గర తాళాల గుత్తి తీసేసుకున్నారు. కాగితం రాగానే పనిలోంచి కూడా తీసేస్తారని పిల్లలందరూ చెప్పుకున్నారు. అది విన్నాకే నేను ఆ కాగితం రాశాను. ఇన్నేళ్లయినా ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది.

బాబాయి టకటకా కొట్టి కాగితం నా ముందు పెట్టాడు. మొదట జానెడు ఖాళీ, దాని వెనక గ్లోబు విరగ్గొట్టిన సంగతి. పెన్ను మూత తీసి ఇచ్చి, టీ తాగొస్తానని లోపలికి వెళ్లిపోయాడు. కావాలనే వెళ్లాడని పెద్దయ్యాక అర్థమైంది. నా పేరు రాసేసరికి చేతి చెమటకి సిరా అలుక్కుపోయింది.

మర్నాడు లీడర్ బ్యాడ్జీ ఊడింది, రెండు అరచేతుల మీదా బెత్తం పడింది. ఆయాకి తాళాలు తిరిగొచ్చాయి. కుళాయి దగ్గర ఏడుస్తుంటే ఆమే వచ్చి నా చేతుల మీద చల్లటి నీళ్లు పోసింది. తర్వాత కొంగు ముడి విప్పి నా జడకి కట్టుకునే ఎర్ర రిబ్బను తీసింది. ముందురోజు విరిగిన ముక్కలు ఊడుస్తుంటే దొరికిందట.

"నీ పేరెందుకు రాసేసినావే పిల్లా? నానేటీ సెప్పలేదు కదా," అంది.

తన పని పోతుందని తెలిసి కూడా ఆమె ఆ రిబ్బను ఎవరికీ చూపించలేదు. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

మొన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, లిఫ్టు అద్దం పగలగొట్టబడిందని ఎవరో ఇంగ్లీషులో పెట్టారు. కాసేపట్లోనే అందరూ వాచ్‌మన్‌ని నిలదీయడం మొదలుపెట్టారు. అద్దానికి తగిలింది నా చేతికర్ర. అంత పెద్దగా పగిలిందని నాకు తెలియలేదు. నేనే పగలగొట్టానని పేరుతో సహా రాశాను. డెబ్బై ఏళ్లు దాటినా ఆ ఖాళీ దగ్గర నా వేలు ఇంకా ఒక్క క్షణం ఆగుతుంది. రాసేశాక మాత్రం, ఆయా పోసిన నీళ్లు నా అరచేతులకి చల్లగా తగులుతాయి.