స్లో నిలవని బండి

1942. యుద్ధం వల్ల పెట్రోలు చీటీల మీద కొలిచి ఇస్తున్న రోజులు. కామారెడ్డి స్టేషను రోడ్డులో నాకొక రేకుల షెడ్డు ఉండేది. బస్సులు, లారీలు బాగుచేయడమే నా తిండి. దసరా వెళ్లిన మూడో వారం అక్కడికి ఎల్లారెడ్డి వకీలు గారి స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు. సికింద్రాబాదులో ఎవరో దొర వాడి వదిలేసిన పాత బండి.

దాని జబ్బు, ‘స్లో’ నిలవకపోవడం. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా ఇంజన్ ఆగిపోకుండా నెమ్మదిగా తిరుగుతుంది చూడండి, దాన్నే మేం స్లో అంటాం. ఈ బండి స్లో ఒకసారి గుయ్యిమని లేస్తుంది, మరుక్షణం ప్రాణం పోయినట్టు పడిపోతుంది, మళ్లీ లేస్తుంది.

వకీలు గారు నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయి గొంతు తగ్గించారు.

“ఉస్తాద్, బీమారి ఇంజన్‌ల లేదు, డ్రైవర్‌ల ఉన్నది. బాలయ్య చోక్ గుంజి ఆడిస్తుండు. బండి ఖరాబైంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుందని చెప్పి, మిగిలింది అమ్ముకుంటుండు.”

చోక్ అంటే ఇంజన్‌కు పోయే గాలిని తగ్గించే మీట. డ్రైవరు చేతికి అందేట్టే ఉంటుంది.

“ఎట్ల పట్టిన్రు సాబ్?”

“నేను దిగి ట్యాంకు మూత తీసి చూస్తె చాలు, స్లో సక్కగైతది. నన్ను చూసి వాడు చోక్ ఇడిచిపెడ్తడు. పదిసార్లు చూసిన. నువ్వు గూడ ఒక్క మాట చెప్తె, ఇయ్యాలనే ఠాణాల అప్పజెప్త.”

చూద్దామని బండి దగ్గరికి వచ్చాం. బాలయ్య సీట్లో ఉన్నాడు, స్లో ఊగుతోంది. ట్యాంకు మూత అద్దం ముందరే, బండి ముక్కు మీద ఉంది. వకీలు గారు దాన్ని తీసి లోపలికి తొంగి చూశారు. నాలుగు క్షణాల్లో ఇంజన్ బుద్ధిమంతుడిలా తిరగసాగింది. నేను నమ్మేశాను. దొంగ దొరికాడనే అనుకున్నాను.

వకీలు గారు చాయ్ తాగడానికి వెళ్లగానే బాలయ్య నా దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, చేతులు జోడించాడు.

“పిల్లల మీద ఒట్టు ఉస్తాద్, నేను ముట్టలే. ఠాణాల పేరెక్కితె ఇంకెవ్వరు నా చేతికి బండి ఇయ్యరు.”

“చెయ్యి కాలిందా ఏంది?” అని అతని చెయ్యి పట్టుకుని, చూస్తున్నట్టు నటిస్తూ వాసన చూశాను. పెట్రోలు వాసన వచ్చింది. డ్రైవరు చేతికి ఆ వాసన కాక అత్తరు వాసన వస్తుందా? ఆ మాత్రం బుద్ధి కూడా ఆ రోజు నాకు లేకపోయింది.

అయినా చేతిలో పని వదలలేక కార్బురేటర్ విప్పి కడిగాను. అది పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపేది. గొట్టాల అతుకుల దగ్గర నూనె చుక్కలు వేసి ఎక్కడైనా గాలి పీలుస్తోందేమో చూశాను. అంతా గట్టిగానే ఉంది. ఇక నేనే నడిపి చూడాలనుకున్నాను. రెండే సీట్లు కాబట్టి బాలయ్యను షెడ్డులో కూర్చోబెట్టి, పక్కన వకీలు గారిని ఎక్కించుకుని ఎల్లారెడ్డి దారి పట్టాను.

చాలా దూరం పోయాక, ఇంజన్ ఆపకుండానే పొలాల మధ్య బండి నిలిపాను. గుయ్యిమని లేచింది, పడిపోయింది. మళ్లీ లేచింది!

వకీలు గారు నా వైపు ఓరగా చూశారు. “నువ్వు గూడ వానితోని కలిసినవా?”

ఒళ్లు మండిపోయింది. రెండు చేతులూ పైకెత్తాను. “చూస్కోన్రి సాబ్, నా చేతులు ఈడ్నే ఉన్నయ్.”

ఆయన అలవాటుగా దిగి మూత మీద చెయ్యి వేయబోయారు. “ఆగున్రి,” అని ఇంజన్ ఆపేశాను. ఆ నిశ్శబ్దంలో నేనే మూత తిప్పాను. సుస్స్‌మని గాలి లోపలికి దూరింది.

మూతకు సన్నటి రంధ్రం ఉండాలి. ట్యాంకులోంచి పెట్రోలు పోయేకొద్దీ అందులోంచి గాలి లోపలికి రావాలి. రాకపోతే పెట్రోలు కిందికి సరిగా దిగదు, స్లో ఊగుతుంది. మూత తీయగానే గాలి దొరికి సర్దుకుంటుంది. ఆ రంధ్రం మీదే నూనెతో కలిపిన పసుపు, కుంకుమ పొర మీద పొరగా గట్టిపడి ఉన్నాయి. బొట్టు చెదరకూడదని ఆయనా నేనూ మూతను అంచులు పట్టుకునే తిప్పాం!

“మా అవ్వ,” అన్నారు వకీలు గారు నీరసంగా. “దసరా సంది ప్రతి శుక్రారం పెడ్తది. గదే బండికి నొసలు అంటది.”

పుల్లతో గీకి రంధ్రం తెరిచాను. తిరిగి వచ్చేదాకా స్లో ఊగలేదు.

వకీలు గారు నవ్వుతూ దిగారు. “అరె బాలయ్యా, బొట్టు చేసిన పని రా గిది! పా, ఇంటికి పోదాం.”

బాలయ్య నవ్వలేదు. ఇంజన్ తిప్పే హ్యాండిల్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. “దొంగ దొరికిండు గద సాబ్. ఇంకో డ్రైవర్ని చూస్కోన్రి.” తర్వాత నా దగ్గరికి వచ్చి అరచెయ్యి నా ముక్కు కింద పెట్టాడు. “ఇంకోపారి చూస్తవా ఉస్తాద్?”

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిందని అనాల్సింది. తల దించుకుని స్పానర్లు సర్దుకున్నాను.

వకీలు గారికి నడపడం రాదు. నేనే ఎల్లారెడ్డిలో దింపి బస్సులో వచ్చాను. అప్పటి నుంచి ఏ బండి వచ్చినా, దాన్ని నడిపినవాడి గురించి యజమాని చెప్పే మాట ముందుగా వినను. మొదట మూత తిప్పి చెవి పెడతాను.

నెల తిరక్కుండానే బాలయ్య బాన్సువాడ బస్సుకు డ్రైవరయ్యాడు. రోజూ నా షెడ్డు ముందు నుంచే పోయేవాడు. ఒకసారి సరిగ్గా అక్కడే బస్సు చెడిపోయింది. స్పానర్ పట్టుకుని నేను గడప దాటేలోగా, ప్రయాణికుల చేత తోయించుకుంటూ అవతలి వీధి మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు.