తడి నూలు, పొడి నూలు, నా నక్షత్రాలు

మూడోసారి కూడా నా అధ్యాయం వెనక్కి వచ్చింది. మా గైడ్ రాసిన మాట ఒక్కటే: "తప్పు. మళ్ళీ చూడు." ఎక్కడ తప్పు, ఏం తప్పు? చెబితే ఆయన నోటి ముత్యాలు రాలిపోతాయా! నెలాఖరుకి థీసిస్ ఇవ్వాలి. నాలుగేళ్ళుగా ఒకే నక్షత్రాల గుంపును పట్టుకుని వేలాడుతున్నాను. గుంపులోని నక్షత్రాలన్నీ ఒకే మేఘంలోంచి పుడతాయి కాబట్టి ఇనుము, మెగ్నీషియం లాంటివి అన్నింటిలోనూ ఒకే పాళ్ళలో ఉండాలంటారు; మా గైడ్ మాటా అదే. నా లెక్కలో పన్నెండు నక్షత్రాలు తేడాగా వచ్చాయి. ఆ పన్నెండూ తప్పయితే నా చేతిలో మిగిలేది ఏమీ లేదు.

ఒళ్ళుమండి, లాప్‌టాప్ సంచిలో పడేసుకుని ధర్మవరం వచ్చేశాను. మా నాయన పట్టు నూలుకు రంగు వేస్తాడు. బోరు ఎండిపోయాక, ట్యాంకర్ వచ్చిన రోజే మా ఇంట్లో రంగు పని. ఆ రోజు వచ్చింది. వాకిట్లో తొట్టి కాగుతోంది.

"ఏమ్మా, మొగం అట్ల పెట్టుకున్యావే?"

"అన్నీ ఒకటే అంటాడు నాయనా మా సారు. కాదంటే ఇనడు."

"అన్నీ ఒకటెట్లయితాయి? ఒకే తొట్టిలో ముంచినా మొదటి చిలప ఎక్కువ రంగు తాగుతాది." తొట్టిలోంచి తీసిన ప్రతి చిలపకీ, అంటే నూలు చుట్టకీ, తెల్లదారం కట్టి, మొదటిదానికి ఒక ముడి, రెండోదానికి రెండు ముళ్ళు వేయడం నాయనకు అలవాటు. ఏది ఎప్పుడు మునిగిందో ఆ ముళ్ళే చెబుతాయి.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆకాశం గురించి ఓనమాలు తెలియని మా నాయనకు అర్థమైంది, ఆ మహానుభావుడికి అర్థం కాదు! గైడ్‌ను ఇంకో నాలుగు తిట్టుకున్నాను.

అంతలో ఒక చీరకు మెరూన్ నూలు తక్కువపడింది. నాయన తొట్టిలో రంగు సరిచేసి ఇంకో చిలప ముంచి తీసి, పాతదానితో కలిసిందో లేదో చూడమని నా చేతికిచ్చాడు. పక్కపక్కన పెట్టి చూశాను.

"కలవలేదు నాయనా. కొత్తది ముదురు."

నాయన తలకొట్టుకున్నాడు. "తడిదాన్నీ ఆరినదాన్నీ పక్కన పెట్టి చెప్తాండావా? చదువుకున్నదానివి గదమ్మా! తడిది ముదురుగా కాక యెట్ల కనబడతాది? ఆరనీ, ఆపైన చూడు."

నీడలో ఆరేశాం. ఆరాక చూస్తే రెండూ ఒకటే. వేలెత్తి చూపడానికి పోగంత తేడా లేదు.

నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. నేను చేసిందీ అదే కదా! మనకు నక్షత్రంలో కనబడేది పైపొర ఒక్కటే. బరువైన నక్షత్రాలు త్వరగా ముసలివై, ఉబ్బిపోయి లోపలి సరుకును పైకి కలియబెట్టుకుంటాయి. చిన్నవాటిలో ఇనుము పైనుంచి మెల్లగా లోపలికి దిగిపోతుంది. ఆ ఉబ్బినవాటిని తెచ్చి ఈ చిన్నవాటి పక్కన పెట్టి, తేడా ఉందని నాలుగేళ్ళుగా అరుస్తున్నాను. గైడ్ చెప్పింది నిజమే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

ఒకే దశ, ఒకే వేడి, ఒకే పరిమాణం ఉన్నవాటినే జత చేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్కో తేడా మాయమవుతుంటే ఏడుపు ఆగలేదు. పదకొండు పోయాయి. ఒక్కటి మాత్రం, తన జోడీతో అన్నిటా సమానమై కూడా, ఇనుము ఎక్కువగానే చూపించింది. నాలుగుసార్లు చూశాను. పోలేదు. బహుశా చుట్టూ తిరిగే గ్రహాన్నెప్పుడో మింగి ఉంటుంది.

"ఆరినాక గూడా తేడా ఉంటే అది తేడానే. ముడి ఎయ్యి దానికి," అన్నాడు నాయన, తొట్టి కడుగుతూ.

నలభై పేజీల అధ్యాయం ఆరు పేజీలయింది. గైడ్ ఈసారి "తప్పు" అనలేదు.

వైవాకు నాయన వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకుని, గోళ్ళలో మెరూన్ రంగుతో వెనక వరసలో కూర్చున్నాడు. అంతా ఇంగ్లీషులో జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ ఆరు పేజీలే తిప్పి, ఇంత కచ్చితంగా జతలు కట్టి పోల్చాలని ఎవరు నేర్పారు అని అడిగాడు. నేను నాయన వైపు చూశాను. అంతమంది పెద్దల ముందు రంగు తొట్టి మాట ఎత్తడానికి సిగ్గేసింది. పుస్తకాలు చదివి నేర్చుకున్నానని చెప్పాను.

డాక్టరేట్ వచ్చింది. బయట చెట్టు కింద నాయన అడిగాడు: "ఆయప్ప ఏమో అడిగితే నాపక్క చూసినావే. నా గురించేమన్నా అడిగినాడా?"

"లేదు నాయనా. నక్షత్రాల గురించే."

"నాకు తెల్దా ఏంది? నా గురించి వాళ్ళెందుకు అడుగుతారులే," అని నవ్వి, నా సంచి తన భుజానికి తగిలించుకుని బస్టాండు వైపు నడిచాడు.